వాచీని కాటా మీద పెట్టినోడికి వాచీ విలువ తెలుసా?

ఈసారి మిర్చి గురించి కాదు, వాచీ గురించి రాస్తున్నా. పాత బంగారు వాచీ. "రైతు పేజీలో వాచీ గోల ఏంది" అనుకునేవాళ్ళు రెండు పేరాలు ఓపిక పట్టండి. యార్డులో మనకి జరిగేదే బంగారం కొట్టు కౌంటరు మీద కూడా జరుగుతోంది. అవే మాటలు, అదే నవ్వు.

మా బాబాయి దగ్గర ఒక ఒమేగా వాచీ ఉండేది. వర్జీనియా పొగాకు బాగా పలికిన ఒక ఏడు మా తాత మద్రాసు పోయి మౌంట్ రోడ్డులో కొనుక్కొచ్చాడు. 1950ల మాట. పొలానికి ఎప్పుడూ పెట్టుకెళ్ళేవాడు కాదు. పెళ్ళిళ్ళకీ, కోర్టు వాయిదాలకీ, పొగాకు డబ్బులు తీసుకునే రోజుకీ మాత్రమే. తాత పోయాక పంపకాల్లో మా నాన్నకి పదిహేను సెంట్లు ఎక్కువొచ్చింది, బాబాయికి వాచీ వచ్చింది. ఇంట్లో ఇప్పటికీ దాని మీద ఎగతాళి ఉంది.

2021-22లో గుంటూరు జిల్లాలో మిర్చి వేసినోళ్ళకి నేను గుర్తు చెయ్యక్కర్లేదు. నల్ల తామర పురుగు పూతలో చేరింది. ఏ మందు కొట్టినా పోలేదు. బాబాయి నాలుగెకరాలు కౌలుకి చేశాడు. మందుల షాపు బాకీ, కౌలు బాకీ, రెండూ మెడ మీద కూర్చున్నాయి. వేసవిలో ఒకరోజు ఎవరికీ చెప్పకుండా వాచీ రుమాల్లో చుట్టుకుని టౌనుకి పోయాడు. "పాత బంగారం కొనబడును" అని బోర్డు ఉన్న కొట్టు. పేరు రాయను, అలాంటివి వీధికి రెండున్నాయి.

కొట్టాయన ముందు అన్న మాట ఇది: "పెద్దాయనా, వాచీకి విలువేం ఉండదు. బంగారం ఎంతుంటే అంతే." తోలు బెల్టు తీసి పడేశాడు. చాకుతో వెనక మూత లేపాడు. మెషిన్ బయటికి లాగి పక్కన పెట్టాడు. కేసుని, అంటే మెషిన్ కూర్చునే ఆ బంగారు డబ్బాని, గీటురాయి మీద గీసి యాసిడ్ చుక్క వేశాడు. "14 క్యారెట్లు" అన్నాడు. కాటా మీద 15 గ్రాములు తూగింది. క్యాలెండరు కాయితం వెనక రాసిచ్చాడు: 15 గ్రా., 14 క్యా., తరుగు 10 శాతం. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, డయలు ముళ్ళతో సహా మెషిన్‌ని ప్లాస్టిక్ కవర్లో వేసి చేతిలో పెట్టాడు. "ఇది మీరే ఉంచుకోండి, దీంట్లో బంగారం లేదు."

ఆ కవరు ఇవాళ్టికీ బాబాయి బీరువాలో ఉంది.

ఆ కాయితం నేను చూసింది రెండు వారాల తర్వాత. ధర సంగతి వదిలేయండి, బంగారం ధర రోజుకోటి. గ్రాముల్లోనే లెక్క చెప్తా. 18 క్యారెట్లు అంటే వెయ్యి పాళ్ళలో 750 పాళ్ళు మేలిమి. 15 గ్రాముల కేసులో 11.25 గ్రాములు. 14 క్యారెట్లు అంటే 585 పాళ్ళు, 8.77 గ్రాములు. అందులో పది శాతం తరుగు పోతే 7.9 గ్రాములు. తేడా 3.35 గ్రాములు, అరకాసుకి కాస్త తక్కువ. తామర పురుగు వదిలింది ఈయన తీసుకున్నాడు.

ఆ తరుగు అనే మాట చూడండి. మనకి బాగా తెలిసిన మాటే. యార్డులో తేమకి తరుగు, తాలుకి తరుగు, మచ్చు కాయలు అదనం. నగల్లో టంకం ఉంటుంది, లక్క ఉంటుంది, మురికి ఉంటుంది, కాబట్టి కరిగిస్తే తగ్గుతుంది, ఒప్పుకుంటా. స్విట్జర్లాండ్ ఫ్యాక్టరీలో అచ్చు గుద్ది తీసిన వాచీ కేసులో లక్క ఎక్కడిదండీ? అడిగేవాడు లేడు కాబట్టి పది శాతం.

అది 18 క్యారెట్లని నీకెట్లా తెలుసు అంటారు. ఆ వాచీకి ముప్పై ఏళ్ళు సర్వీసు చేసిన పాత మెకానిక్ సాయిబు గారు ఉన్నారు, ఆయన చెప్పారు. మూత లోపలి వైపు 0.750 అని అంకె, పక్కనే చిన్న ఆడమనిషి తల ముద్ర. ఆ తల పేరు హెల్వీషియా. స్విస్ ప్రభుత్వ ముద్ర, 18 క్యారెట్లకి వేసేది. 14 క్యారెట్లకైతే ఉడుత బొమ్మ వేసేవాళ్ళు. 1995 నుంచి ఈ రెండూ పోయి సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. అంటే వాచీ తన క్యారెట్లు తనే ఒంటి మీద రాసుకుని ఉంది. మూత తీసింది ఆ కొట్టాయనే, ముద్ర ఆయన కళ్ళ ముందే ఉంది. చూడకపోతే చేతకానితనం. చూసి చెప్పకపోతే దానికి వేరే పేరుంది.

సరే, ఇది చిన్న నష్టం. పెద్దది ఇంకా చెప్పలేదు.

"వాచీకి విలువేం ఉండదు, బంగారమే విలువ" అన్నాడు కదా. ఈ మాట ఎంత తప్పో చెప్పటానికి నేను మద్రాసు దాకా కూడా పోను, ఏకంగా వేలంపాటల దగ్గరికి పోతా. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్కులో కోటీ 77 లక్షల డాలర్లకి పోయింది. అది బంగారం కాదు, స్టీలు. పటేక్ ఫిలిప్ కంపెనీ 1518 అనే మోడలు ఎక్కువగా బంగారంలోనే చేసింది. స్టీలులో చేసినవి నాలుగే బయటపడ్డాయి. అందులో ఒకటి 2016లో జెనీవాలో కోటీ పది లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది. అదే మోడలు బంగారంలో ఉన్నవి చాలావరకు అంత పలకవు. మన గాంధీ గారి జెనిత్ జేబు గడియారం వెండిది. 2009లో ఆయన కళ్ళద్దాలు, చెప్పులు, గిన్నె, పళ్ళెంతో కలిపి న్యూయార్కులో 18 లక్షల డాలర్లకి వేలం పాడారు. వెండి తూకం వేసి పాడారా వాళ్ళు?

మా తాత పాల్ న్యూమన్ కాదని నాకు తెలుసులెండి. బాబాయి వాచీ కోట్లు చేసేది కాదు. కానీ సాయిబు గారు చెప్పిన లెక్క ఇది. 1950ల ఒమేగా, 18 క్యారెట్ల కేసు, లోపల 30 మిల్లీమీటర్ల మెషిన్. మెషిన్ మీద నంబరు 14 మిలియన్లతో మొదలవుతుంది కాబట్టి 1950ల మధ్యలోది. డయలుకి ఎవరూ రంగు ముట్టించలేదు. ముళ్ళు దానివే, కీ తిప్పే కిరీటం మీద ఒమేగా గుర్తు అలాగే ఉంది. అలాంటిది 2022లో పాత వాచీలు సేకరించేవాళ్ళ దగ్గర కరిగింపు ధరకి దాదాపు రెట్టింపు దాకా పోయేది. మన కొట్టాయన కరిగింపు ధర కూడా పూర్తిగా ఇవ్వలేదు.

ఇక్కడ డయలు గురించి ఒక మాట ఆగి చెప్పాలి, ఎందుకంటే మనోళ్ళు ఎక్కువ పాడుచేసేది దాన్నే. పాత డయలు పసుపు తిరుగుతుంది, చుక్కలు పడతాయి. కొడుకు పెళ్ళొచ్చింది, మనవడికి పెడదాం అని టౌనులో ఇచ్చి కొత్త రంగు వేయిస్తారు. అంకెలు మందంగా, పేరు వంకరగా వస్తుంది. మనకి తళతళలాడుతుంది, తెలిసినోడు చూస్తే అక్కడే ధర సగానికి పడుతుంది. అలాగే కేసుకి మెరుగు పెట్టించటం. బఫ్ మెషిన్ మీద నాలుగు సార్లు పట్టిస్తే అంచులు అరిగి సబ్బుబిళ్ళలా అవుతుంది, పై ముద్రలు చెరిగిపోతాయి, బంగారం కూడా పొడి రూపంలో ఆయన గుడ్డలోకి పోతుంది. పొలంలో పైమట్టి గీకేసి "చదునుగా ఉంది చూడండి" అన్నట్టుంటది. మురికి ఉంటే ఉండనివ్వండి.

ఇంకొకటి, డయలు మీద "17 జ్యుయల్స్" అని చూసి లోపల పదిహేడు రవ్వలున్నాయి అనుకునేవాళ్ళు మా ఊళ్ళోనే అరడజను మంది ఉన్నారు. అవి ఇరుసులు అరక్కుండా పెట్టే కృత్రిమ కెంపులు. బండి చక్రానికి బేరింగు ఎట్లాగో అట్లా. అమ్మితే వాటికి టీ ఖర్చు రాదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం మా ఎదురింటి అత్త అదే కొట్టుకి బయల్దేరింది. మామయ్య పెళ్ళి వాచీ. ఆ రోజుల్లో అల్లుడికి సైకిలు, వాచీ, ట్రాన్సిస్టరు పెట్టేవాళ్ళు కదా, ఆ వాచీ. ఫేవర్ లూబా. యాభై ఏళ్ళుగా నగలతో పాటు బీరువాలో దాచింది. "కాసులకి కాసులుంటదిరా అబ్బాయ్, మనవరాలి ఫీజుకి సరిపోతుంది" అంది. నేను బండి మీద ఎక్కించుకుని ముందు సాయిబు గారి దగ్గరికి తీసుకుపోయా.

ఆయన మూత కూడా తియ్యలేదు. భూతద్దం పెట్టి వెనక వైపు చూపించారు. ఇంగ్లీషులో స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్ అని ఉంది. వెనక మూత స్టీలని వాచీయే చెప్తోంది. బెల్టు తగిలించే కొమ్ము కింద 20 మైక్రాన్లు అని చిన్న అక్షరాలు. అంటే పైన బంగారు పూత మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. సాయిబు గారు అక్కడే పెన్నుతో లెక్క కట్టారు. కేసు పై భాగం మొత్తం చాపగా పరిచినా పన్నెండు చదరపు సెంటీమీటర్లు, దాని మీద ఆ మందంలో బంగారం అర గ్రాముకి లోపే. దాన్ని ఒలిచి తీసే ఖర్చుకి అదీ మిగలదు. అత్త ఏం మాట్లాడలేదు. వాచీ తీసుకుని కొంగులో కట్టుకుంది. దారంతా నా వెనక కూర్చుని ఒక్క మాట అనలేదు.

ఆలోచిస్తే అది తెలియాల్సిందే. అప్పట్లో విదేశీ సరుకు రావటమే కష్టం. 1968 నుంచి 1990 దాకా బంగారం నియంత్రణ చట్టం ఉంది. ఆ కాలంలో మన మధ్యతరగతి రైతు పెళ్ళిలో పెట్టిన వాచీ నిజం బంగారం కావటం అరుదు. కానీ ఆమెకి ఎవరు చెప్తారు? యాభై ఏళ్ళు ఆ ఇంట్లో ఆపద వచ్చినప్పుడల్లా "ఆ వాచీ ఉందిలే" అనుకుని ధైర్యంగా పడుకున్నారు.

ముద్రలు చదవటంలో ఇంకో మోసం ఉంది. అమెరికా వాచీల మీద 14 క్యారెట్లు అని రాసి పక్కనే "గోల్డ్ ఫిల్డ్" అని ఉంటుంది. మొదటి సగం చదివి కొనేవాడు మునుగుతాడు. అది ఇత్తడి మీద బంగారం రేకు అదిమింది. "రోల్డ్ గోల్డ్" అన్నా అంతే. ఇంగ్లండులో కేసు చేసినవాటి మీద 375 ఉంటే అది నిజం బంగారమే, కాకపోతే 9 క్యారెట్లు. మెషిన్ కింద పెట్టి కంప్యూటర్లో క్యారెట్లు చూపించే కొట్లు వచ్చాయి కదా, అది పైపొరనే చదువుతుంది. మందంగా పూత ఉంటే పూతనే బంగారమని చెప్పొచ్చు. అన్నిటికంటే నమ్మకమైంది మన నీళ్ళ లెక్క. మెషిన్, అద్దం తీసేసిన ఉత్త కేసుని గాల్లో తూచి, దారం కట్టి నీళ్ళలో ముంచి తూచాలి. 15 గ్రాముల 18 క్యారెట్ల కేసు నీళ్ళలో దాదాపు ఒక గ్రాము తగ్గుతుంది. అదే తూకం స్టీలైతే రెండు గ్రాముల దాకా తగ్గుతుంది. గీత పడదు, యాసిడ్ పడదు. వాచీని మెషిన్‌తో సహా ముంచేరు, జాగ్రత్త.

మరి గీటురాయి ఎందుకు ముందు తీస్తారు? గీత పడిన వాచీకి సేకరించేవాడి దగ్గర ధర తగ్గుతుంది. చాకుతో లేపిన మూత అంచు చెడుతుంది. ఇక నువ్వు ఇంకో కొట్టుకి పోలేవు, పోయినా ధర రాదు. టిక్కీ కోసి కాయలు కింద పోసిన తర్వాత బేరం మొదలెట్టే పద్ధతే ఇది. వెనక్కి తీసుకుపోలేనట్టు చేసి అప్పుడు ధర చెప్తారు.

కొట్టాయన తరఫున కూడా ఒక మాట ఉంది, దాన్ని దాచను. ఆయన బంగారం వ్యాపారి. వాచీ వ్యాపారి కాదు. ఒమేగా మోడళ్ళు తెలుసుకోవాల్సిన పని ఆయనకి లేదు, పాత మెషిన్ కొని ఎక్కడ అమ్ముతాడు? నిజమే. అయితే "నాకు వాచీ విలువ తెలియదు, నేను బంగారం వరకే కొంటా, తెలిసినోళ్ళకి చూపించుకుని రండి" అనొచ్చుగా? "వాచీకి విలువేం ఉండదు" అనటానికి, "నాకు తెలియదు" అనటానికి మధ్యనే బాబాయి వాచీ పోయింది. కొనేవాడే కాటా పట్టి, కొనేవాడే నాణ్యం చెప్పి, కొనేవాడే తరుగు తీస్తే దాన్ని విలువ కట్టటం అనరు. ధాన్యమైనా, మిర్చయినా, వాచీ అయినా.

ప్రభుత్వం సంగతి చూడండి. 2021 జూన్ నుంచి నగలకి హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. అందులో వాచీలకీ, ఫౌంటెన్ పెన్నులకీ మినహాయింపు ఇచ్చారు. కొత్త సరుకు అమ్మేవాడి ఇబ్బంది చూసి ఇచ్చారేమో, సరే. మరి పాత బంగారం కొనేవాడి మీద ఏం షరతు ఉంది? క్యాలెండరు కాయితం మీద రాసిస్తే సరిపోతుందా? నా వరకు నేను అడిగేది చిన్నది. పాత బంగారం కొనే ప్రతి కొట్టు మొత్తం తూకం, కేసు తూకం, కనపడిన ముద్ర, పరీక్ష చేసిన పద్ధతి రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. అమ్మినా అమ్మకపోయినా ఆ కాయితం మన చేతికి రావాలి. దాంతో ఇంకో కొట్టుకి పోయే దారి ఉండాలి.

మన తప్పులు కూడా చెప్పుకోవాలి. బాబాయి సంగతి తెలిసి డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేసి "మామయ్యా, ఆన్‌లైన్‌లో అదే వాచీ ఐదు వేల డాలర్లు ఉంది" అన్నాడు. ఉంది కాదురా, అడుగుతున్నారు. అడిగే ధరకీ అమ్ముడైన ధరకీ తేడా మిర్చి రైతుకి ఒకరు చెప్పాలా? పేపర్లో "తేజ గరిష్ఠ ధర" అని వేస్తారు. ఆ ధర ఒక్క లాటుకి వస్తుంది, మన లాటుకి రాదు. వాచీలోనూ అంతే. వేలంలో పలికిన ధరలోంచి వాళ్ళ కమీషన్ పోతుంది. దుకాణదారుడు కొంటే తన లాభం పట్టుకుని కొంటాడు. కాబట్టి అమ్ముడైన ధరలు చూడండి. అదీ అదే మోడలు, అదే కేసు లోహం, రంగు వేయని డయలు ఉన్నవాటివి.

ఇంకా నిజం చెప్పాలంటే చాలా బంగారు వాచీలకి కరిగింపు ధరే ధర. ఊరూ పేరూ లేని కంపెనీవి, మెషిన్ తుప్పు పట్టినవి, గోరంత ఉండే ఆడవాళ్ళ వాచీలు, వీటికి సేకరించేవాళ్ళు ఎగబడరు. పైగా బంగారం ధర పెరిగే కొద్దీ వాచీ ధర, కరిగింపు ధర దగ్గరపడుతున్నాయి. దాంతో మంచి వాచీలు కూడా మూసలోకి పోతున్నాయి. అలాంటిదైతే కరిగించుకోండి, తప్పేం లేదు. ఇంటి అవసరం కంటే వాచీ గొప్పది కాదు. కానీ ఏది కరిగించాలో, ఏది కరిగించకూడదో చెప్పాల్సింది కరిగించి బతికేవాడు కాదు. ముందు వాచీ మెకానిక్‌తో మూత తీయించి లోపలి ముద్రలు, కేసు నంబరు, మెషిన్ నంబరు ఫోటో తీసుకోండి. పాత రసీదు, డబ్బా ఉంటే పారేయకండి, వాటికి కూడా ధర ఉంటుంది. ఆ తర్వాతే ఎవరి కౌంటరు దగ్గరికైనా.

బాబాయిని తీసుకుని నేను ఆ కొట్టుకి మళ్ళీ పోయా. గొడవకి కాదు, కేసు ఉంటే తిరిగి కొనుక్కుందామని. "అదే రోజు సాయంత్రం కరిగించేశామండీ" అన్నాడు. టీ తెప్పించమంటారా అని కూడా అడిగాడు.

మెషిన్ బాగానే ఉంది. సాయిబు గారు శుభ్రం చేసి చూశారు, వేరే కీ పెట్టి తిప్పితే నడుస్తోంది. దానికి సరిపడే పాత కేసు కోసం విజయవాడ, హైదరాబాదులో తెలిసిన మెకానిక్‌లందరికీ చెప్పారు. బంగారమే కావాలా అని అడిగితే బాబాయి "స్టీలుదైనా ఫర్లేదు" అన్నాడు. ఒమేగా 266 మెషిన్, 30 మిల్లీమీటర్లు. కేసు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాం.